కొంగలే కదా అన్న బావ

పొద్దుట్నుంచీ బావ అన్న ఒకటే మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. "కొంగల్ని చూడ్డానికి కోరింగ దాకా రావాలా? మన చేలో లేవా?"

అని ఊరుకుంటే సరే. కాకినాడ పక్కన ఆ కోరింగ మడ అడవిలో చెక్క వంతెన మీద నిలబడి ఫోన్‌లో పాటలు పెట్టాడు, స్పీకర్‌లో! సరిగ్గా అప్పుడే మడ వేరు మీద నల్లతల లకుముకి పిట్ట. నీలం వీపు, తెల్ల మెడ, ఎర్ర ముక్కు. పల్లవి పూర్తి కాకుండానే తుర్రుమంది. అక్క నవ్వింది. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

తిరుగు దారిలో నేనూ వదల్లేదు. పాపికొండల మధ్య ఇరుక్కుని వచ్చిన గోదావరి ధవళేశ్వరం దగ్గర పాయలుగా చీలి, ఇక్కడికొచ్చి ఒండ్రు దింపుతుంది. ఆ ఒండ్రులోనే ఈ మడ అడవి. ఎదురుగా హోప్ ఐలాండ్ అలల్ని ఆపుతుంది కాబట్టే బురద నిలుస్తుంది. పోటు తీయగానే ఆ బురదలో పురుగూ పీతా ఏరుకోడానికి చలికాలం ఎక్కడెక్కడి మంచు దేశాల నుంచో ఉల్లంకి పిట్టలు వస్తాయి. 1978లోనే దీన్ని అభయారణ్యం చేశారంటే ఊరికేనా బావా అన్నాను. "ఏసీ కొంచెం పెంచు" అన్నాడు.

రాత్రి అన్నం తింటుంటే తాతయ్య చేను గుర్తొచ్చింది. రెండో పంటకి, అదే దాళ్వాకి, దమ్ము చేస్తుంటే ఎడ్ల వెనకాలే తెల్లకొంగలు బారులు తీరేవి. కాస్త ఎడంగా నత్తగుల్ల కొంగ. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది దానికి. నత్తని నీళ్ళలోనే అదిమిపట్టి, తల అటూ ఇటూ ఆడించి, లోపలి మాంసం లాగేసేది. గట్టు మీద మిగిలిన గుల్లలు మా లాగు జేబుల్లోకి. రాయి విసిరామా, తాతయ్య కేకేసేవాడు: "ఒరేయ్, అవి మన జీతగాళ్ళురా!"

అంటే బావ మాట నిజమేగా? నిజమే, ఆ చేను చేనులా ఉండుంటే. అక్క వాటాకి వచ్చిన ఆ చేనే ఇప్పుడు బావ రొయ్యల చెరువు. పైన అడ్డంగా నిలువుగా తాళ్ళు, వాటికి మెరిసే రిబ్బన్లు. కొంగ వాలితే టపాకాయ పేలుస్తాడు. చేలో లేవా అని అడిగింది ఈయనే!

ఇదే రాద్దామని కూర్చున్నా. కానీ జబ్బు చెరువులోంచి పిట్ట ఎత్తుకొచ్చిన రొయ్య పక్క చెరువులో పడితే చాలు, వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు పాకుతుంది. ఓ ఏడాది అలాగే చెరువంతా చచ్చి తేలిపోయి అక్క గాజులు తాకట్టుకెళ్ళాయి. తాళ్ళు తీసెయ్ అని ఏ మొహంతో అంటాను?

స్పీకర్ సంగతి మాత్రం వేరు. దానికీ వైట్ స్పాట్‌కీ ఏం సంబంధం?

జనవరిలో కొల్లేరు వెళ్దాం, ఆటపాకలో గూడబాతులు (పెలికాన్లు) చూద్దాం అంటోంది అక్క. ఫోన్ ఇంట్లో వదిలేసి వస్తేనే అని కండిషన్ పెడదామనుకున్నా. కానీ కారు బావదే.