రోజుకు ఎంత తాగుతావని అడగని వైద్యం

మహబూబ్‌నగర్‌లో దస్తావేజులు రాయడం నా వృత్తి. జడ్చర్ల, బాలానగర్ వైపు వెంచర్లు పెరిగిన కొద్దీ రిజిస్ట్రేషన్లు పెరిగాయి. ప్రతి రిజిస్ట్రేషన్ వెనుక ఒక దావత్ ఉంటుంది, కాగితం రాసినవాడిని పిలవకుండా ఆ దావత్ జరగదు. సాయంత్రం క్వార్టర్‌తో మొదలైన అలవాటు కొన్నేళ్లలో హాఫ్ దాటి, పొద్దున ఒక పెగ్గు పడనిదే వేళ్ల మధ్య పెన్ను నిలవని స్థితికి వచ్చింది. ఆదివారాలు ఊళ్లో తాగే కల్లు దానికి అదనం. పూర్తిగా మానాలన్న ఆలోచన నాకు లేదు, కొంత తగ్గితే చాలనుకున్నాను.

హైదరాబాదులో ఒక హిప్నోథెరపీ కేంద్రం ఉందని, ఒక్క సిట్టింగులోనే గ్యారంటీగా మాన్పిస్తారని ఫోన్‌లో వీడియో చూపించి నన్ను తీసుకువెళ్లినవాడు నా బామ్మర్ది. హిప్నాటిజం అనగానే మనవాళ్లకు బి.వి. పట్టాభిరాం గారు గుర్తుకు వస్తారు గనుక నాకూ గురి కుదిరింది. అక్కడి పెద్దమనిషి ముందు డబ్బు కట్టించుకున్నాడు. తర్వాత ఏసీ గదిలో పడుకోబెట్టి, కళ్లు మూయించి, అంకెలు వెనక్కి లెక్కపెట్టించి, "ఇక నుంచి మందు నీకు పురుగుల మందు వాసన కొడుతుంది, ఈ రాత్రి నుంచే చుక్క ముట్టవు" అని పదే పదే చెప్పాడు. రోజుకు ఎంత తాగుతావని గానీ, ఎన్నేళ్లుగా తాగుతున్నావని గానీ, పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా అని గానీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ని.

ఆ రాత్రి నిజంగానే ముట్టలేదు. రెండో రాత్రి సంగతి నాకు గుర్తున్నది కొంత, నా భార్య చెప్పగా తెలిసినది కొంత. ఒళ్లంతా చెమటలు పట్టి, గుండె దడదడలాడుతుండగా గోడ మీద నల్లచీమలు బారులుగా దిగుతున్నట్టు కనిపించింది. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆ నీళ్లలో నాకు గుప్పున పురుగుల మందు వాసన వచ్చింది. నన్ను చంపడానికి కలిపావంటూ మీదికి వెళ్లాను. ఆమె బెదరలేదు. "ఇగో, నేనే తాగుతున్న సూడు, గిండ్ల ఏం లేదు" అంటూ నా కళ్ల ముందే ఆ చెంబెడు నీళ్లూ గటగటా తాగేసింది. అంతే, ఆమె చచ్చిపోతుందని నేను వాడంతా లేచేలా బొబ్బలు పెట్టానట. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. ఇంటర్ చదువుతున్న నా బిడ్డ ఎవరో చెప్పగా నా చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టింది. దానివల్ల ఉపయోగమేమీ లేదని, మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలని తర్వాత తెలిసింది.

ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరు నన్ను చూసి, "తాగుబోతుకు ఫిట్స్ రాక ఏమొస్తయి? నెల తిరక్కుండా మళ్ల తీసుకొస్తరు" అన్నాడు. ఆ మాట నా బిడ్డతో అన్నాడు. నన్ను అని ఉంటే పడేవాణ్ని. రాత్రంతా తండ్రిని పట్టుకుని కూర్చున్న పిల్లతో అనవలసిన మాట కాదది. అదే వార్డులో నా లాల్చీ, పక్కబట్టలు విసుక్కోకుండా మార్చిన నర్సమ్మకు మాత్రం ఈ జన్మకు రుణపడి ఉంటాను.

పొద్దున వచ్చిన మానసిక వైద్యుడు మొదట అడిగిన ప్రశ్నలు మూడు: ఎంత తాగుతారు, ఎప్పుడు ఆపారు, కల్లు ఏ దుకాణంలో తాగుతారు. మద్యం మెదడును అణచి ఉంచుతుందని, ఏళ్ల తరబడి దానికి అలవాటు పడ్డ మెదడు ఒక్కసారిగా ఆపేస్తే చెలరేగిపోతుందని, ఫిట్స్ సాధారణంగా మొదటి 48 గంటల్లోనే వస్తాయని, ఆ తర్వాత వచ్చే కలవరింతల దశలో ప్రాణమే పోవచ్చని ఆయన వివరించారు. కల్లు గురించి ఎందుకు అడిగారంటే, మన వైపు కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతుంటారు. అది హఠాత్తుగా మానినవాళ్లకూ ఇవే లక్షణాలు వస్తాయి. గ్లూకోజ్ కంటే ముందు థయామిన్, అంటే విటమిన్ బి1 ఇంజెక్షన్ ఇప్పించారు. చెలరేగిన మెదడును శాంతపరిచే లోరాజెపాం మందు ఇచ్చి, దాని మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తూ వచ్చారు. ఫిట్స్ దాకా వచ్చినవాడికి తగ్గించుకోవడమనే దారి లేదని, పూర్తిగా మానవలసిందేనని తేల్చి చెప్పారు.

విచిత్రమేమిటంటే, ఒళ్లు కుదుటపడ్డాక మళ్లీ హిప్నోథెరపీకి పంపినది కూడా ఆయనే. ఈసారి ఒక క్లినికల్ సైకాలజిస్టు మేడం దగ్గరికి. హిప్నోథెరపీ ఒక్కటే మద్యం మాన్పిస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవని, మందులకు, కౌన్సెలింగుకు తోడుగా మాత్రమే వాడతానని ఆమె మొదటే చెప్పడంతో నాకు సగం భయం పోయింది. తొలి సిట్టింగంతా ప్రశ్నలే. సాయంత్రం స్టాంపు వెండర్ షట్టర్ దించే చప్పుడు వినగానే నాలుక పీకుతుందని నా నోటితోనే చెప్పించి, దాన్నే పట్టుకుంది. కళ్లు మూసుకుని ఆ చప్పుడును ఊహించమనేది; చప్పుడు రాగానే బొటనవేలిని చూపుడువేలికి నొక్కి, ఊపిరి నిదానంగా వదలమనేది. స్పృహ ఎక్కడా తప్పలేదు. ఫ్యాను తిరగడం, బయట ఆటోల హారన్లు అన్నీ వినబడుతూనే ఉండేవి. ఇంట్లో రోజూ నాకు నేనే సాధన చేసుకున్నాను. ఇప్పుడు షట్టర్ పడితే ముందు వేళ్లు కదులుతాయి, కోరిక తర్వాత వస్తుంది, వచ్చినా కొద్దిసేపట్లో పోతుంది. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ మాత్ర కూడా నడుస్తున్నది గనుక ఏది ఎంత పని చేసిందో విడదీయలేను. నా భార్య లెక్కలో అయితే ఇదంతా మన్యంకొండ వేంకటేశ్వరుని దయ; మొక్కు తీర్చడానికి ఆమె వెంట కొండ ఎక్కాను, దండం కూడా మనస్ఫూర్తిగానే పెట్టాను.

రోజూ తాగేవాళ్లు ఎవరి మాట మీదా ఒక్కరాత్రిలో ఆపకండి, ముందు డాక్టరుకు చూపించుకోండి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడతారు.

మొన్న నా బామ్మర్ది ఆ హైదరాబాదు కేంద్రానికి వెళ్లి డబ్బు వాపసు అడిగాడు. "మీ బావ మానేశాడు కదా, మా గ్యారంటీ తీరినట్టే" అన్నారట. రసీదు మా దగ్గర ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఇవ్వవలసిన ఫిర్యాదు నేనే రాశాను.