చిన్న సైజులు కుప్పలు, పెద్దవి నిండుకున్నాయి

మాది డైపర్ బ్యాంకు, అంటే జనం ఇచ్చిన డైపర్లను కొనలేని ఇళ్లకు ఊరికే పంచే చోటు. ఈరోజు అక్కడ డైపర్లు సర్దే పని నాకు పడింది. జనం తెచ్చిచ్చిన సంచులూ అట్టపెట్టెలూ విప్పి ముందు సైజుల వారీగా వేరు చేయాలి. ఎప్పటిలాగే న్యూబోర్న్, ఎస్ సైజులు కుప్పలుగా తేలాయి. ఎల్ అంతంత మాత్రం. ఎక్స్‌ఎల్ ఒక్కటీ లేదు. పసిపిల్లలు చూస్తుండగానే ఎదిగిపోతారు, ప్యాకెట్ సగంలో ఉండగానే బిగుతైపోతుంది. అలా మిగిలినవే మా దగ్గరికి వస్తాయి. డైపర్ అవసరం మాత్రం రెండేళ్లు, ఒక్కోసారి మూడేళ్లు దాటినా తీరదు. పైగా సైజు పెరిగేకొద్దీ ఖరీదూ పెరుగుతుంది.

విప్పిన ప్యాకెట్ ఇవ్వడానికి చాలామంది మొహమాటపడతారు. భేషుగ్గా ఇవ్వొచ్చు. విడిగా వచ్చినవాటిని మేం ఒక్కొక్కటీ తీసి చూస్తాం. టేపు అంటుకుంటోందా, కాళ్ల దగ్గర ఎలాస్టిక్ సాగిపోయిందా, పసుపెక్కిందా, చెమ్మ తగిలిందా అని. ఈరోజు ఒక సంచిలోవి చూడ్డానికి కొత్తవాటిలాగే ఉన్నాయి. టేపు లాగి అంటించబోతే పట్టు లేదు, వేలికి జిగురే తగల్లేదు. ఏళ్ల తరబడి వేడిలో ఉన్నాయేమో. అన్నీ పక్కన పెట్టేశాను. ఊరికే ఇస్తున్నాం కదా అని పనికిరానివి అంటగట్టడం నాకు నచ్చదు. అర్ధరాత్రి అది ఊడిపోతే పక్కబట్టలు మార్చుకోవాల్సింది ఆ తల్లే.

మధ్యాహ్నం ఒకాయన పాపను చంకనేసుకుని వచ్చాడు.

"ఏ సైజు కావాలన్నా?"

"ఎమ్ ఇవ్వండమ్మా."

పాప తొడ చుట్టూ ఎర్రటి గీత పడి ఉంది. టేపులు ముందువైపు అంచులకే సరిపోయి ఆగిపోయాయి. బరువు అడిగితే 13 కిలోలన్నాడు. అంటే ఎల్ గానీ, ఎక్స్‌ఎల్ గానీ పట్టాలి. మరి ఎమ్ ఎందుకు? "పెద్దవి లేవంటారు కదమ్మా, ఎమ్ అయితే దొరుకుతాయని." నాకేం చెప్పాలో తోచలేదు. ఉన్న ఎల్‌లో చాలావరకు ఆయనకే కట్టిచ్చాను. ఇలాగైతే మిగతావాళ్లకెలా అని పక్కనున్న అక్క గొణిగింది. ఆమె మాటా నిజమే.

ఎంతిచ్చినా ఈ లెక్క తెగదు. అప్పుడే పుట్టిన బిడ్డకు రోజుకు 8 నుంచి 12 కావాలి. నడిచే పిల్లలకు ఐదారు. 25 ఉన్న కట్ట వారం కూడా రాదు. చేతిలో డబ్బాడనప్పుడు ఇంట్లోవాళ్లు చేసేది ఒకటే, తడిసినదాన్నే ఇంకాసేపు ఉంచేయడం. లోపలి జెల్ మూత్రాన్ని పీల్చుకుంటుంది గానీ విరేచనాన్ని పీల్చుకోదు. తడీ అదీ కలిసి చర్మాన్ని కొరికేస్తే దద్దుర్లు, ఆ పైన డాక్టర్ ఖర్చు.

గుడ్డలు కట్టొచ్చు కదా అనేవాళ్లుంటారు. నిజమే, కట్టొచ్చు. నీళ్లుండాలి, ఉతికే తీరికుండాలి, ఆరేసే చోటుండాలి. పిల్లల్ని చూసుకునే కేంద్రాలు చాలావరకు డైపర్లు తెస్తేనే చేర్చుకుంటాయి. చేర్చుకోకపోతే తల్లి పనికెళ్లలేదు. అమెరికాలో స్నాప్ అనే ఆహార సాయం ఉంది, ఆ డబ్బుతో డైపర్లు కొననివ్వరు. అక్కడ తొలి డైపర్ బ్యాంకు 1994లో అరిజోనాలోని టూసాన్‌లో మొదలైందంటే ఆ లోటు వల్లే పుట్టిందనిపిస్తుంది.

వచ్చినవాళ్ల దగ్గర ఆదాయం కాగితాలు అడగాలా వద్దా అని సాయంత్రం మళ్లీ వాదన. నేనైతే వద్దంటాను. బిడ్డ వయసు, బరువు తెలిస్తే చాలు. ఒకరిద్దరు అవసరం లేకపోయినా తీసుకెళ్తారేమో, తీసుకెళ్లనీ. కాగితాలకు జడిసి రాకుండా ఆగిపోయేవాళ్ల గురించే నా బెంగ. చివరికి ఏదీ తేలలేదు.

వెళ్లేముందు బోర్డు మార్చి రాశాను. ఎల్, ఎక్స్‌ఎల్, ఆపై సైజులు కావాలి, విప్పిన ప్యాకెట్లైనా ఫర్వాలేదు అని. కింద "పెద్దవాళ్లవి కూడా" అని చేర్చాను. మంచాన పడ్డ భర్త కోసం ఒక పెద్దావిడ ఉదయం నుంచి రెండుసార్లు వచ్చి, అడగకుండానే వెళ్లిపోయిందని అక్క చెప్పింది.