నోట్స్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి

జాజ్ పియానిస్టు వింటన్ కెల్లీ సోలోని (పాట మధ్యలో అప్పటికప్పుడు అల్లి వాయించిన భాగాన్ని) కాగితం చూసి ఒక్క తప్పు కూడా లేకుండా వాయించిన రోజున మా టీచర్ ఏమీ అనకుండా అసలు రికార్డింగ్ పెట్టారు. అది అయ్యాక నన్ను మళ్ళీ వాయించమన్నారు. నాలుగు బార్లు (తాళంలో నాలుగేసి లెక్కల కొలతలు) దాటేసరికి నాకే అర్థమైపోయి ఆపేశాను. "నోట్స్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి" అన్నారాయన. ఆ మాట మెచ్చుకోలు కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ సోలో 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్'లోది. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్ కోసం 1959 మార్చి 2న న్యూయార్క్‌లో రికార్డు చేశారు. ఆల్బమ్‌లో మిగతా పాటలన్నిటికీ పియానో బిల్ ఎవాన్స్‌ది, ఈ ఒక్కదానికే కెల్లీది. అసలు బాణీ అయ్యాక మొదటి సోలో ఆయనదే: 12 బార్ల బ్లూస్ అనే వరస నాలుగు చుట్లు, అంటే 48 బార్లు. వేగం మరీ ఎక్కువ కాదు, పాట నిర్మాణం స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి మొదటి ట్రాన్స్‌క్రిప్షన్‌కి, అంటే రికార్డింగ్‌లోని సోలోని నోట్స్‌గా పట్టుకోవడానికి, దీన్నే ఎంచుకున్నాను. చాలా ఏళ్ళు క్లాసికల్ పియానో నేర్చుకున్నదాన్ని, కాగితం మీద ఏముంటే అది చదివి వాయించేయగలను. అందుకే ఎవరో రాసి పెట్టిన ట్రాన్స్‌క్రిప్షన్ ముందు పెట్టుకుని రెండు నెలలు సాధన చేశాను. ఆ రెండు నెలల్లో రికార్డింగ్ విన్నది పట్టుమని పదిసార్లు కూడా ఉండదు.

కాగితం మీద ఎనిమిదో వంతు నోట్లు (ఒక్కో లెక్కకి రెండేసి పడేవి) వరసగా, సమానంగా కనిపిస్తాయి. వాయించేటప్పుడు మొదటిది కాస్త సాగుతుంది, రెండోది కాస్త కురచవుతుంది. ఎంత సాగాలి అన్నదానికి స్థిరమైన లెక్క లేదు. వేగం పెరిగే కొద్దీ ఆ తేడా తగ్గి రెండూ దాదాపు సమానమవుతాయి. కొన్ని నోట్లు గట్టిగా పడతాయి, పక్కనే ఉన్న నోటు సగం మింగేసినట్టు వినిపిస్తుంది. కొన్నిచోట్ల చేయి డ్రమ్స్ సింబల్ కన్నా వెంట్రుకవాసి వెనక నడుస్తుంది. ఇవన్నీ పూర్తిగా రాయడానికి గుర్తులు చాలవు. ఉన్నవి కూడా చూసి వాయించేవి కావు.

"కాగితం మూసెయ్యండి, ముందు పాడండి" అన్నారు టీచర్. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. పియానిస్టు లెన్నీ ట్రిస్టానో తన విద్యార్థుల చేత శాక్సఫోన్ వాద్యకారులు లెస్టర్ యంగ్, చార్లీ పార్కర్‌ల సోలోలను రికార్డుతో పాటు పాడించేవారట, వాద్యం సంగతి ఆ తర్వాతే. నేను ఎన్నడూ గొంతెత్తి పాడినదాన్ని కాదు. అయినా రోజూ రెండేసి బార్లు, రికార్డింగ్‌లో ఆ ముక్కనే తిప్పి తిప్పి వింటూ, తోడుగా పాడుతూ, ఆపాక ఒంటరిగా పాడుతూ గడిపాను. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో గొంతుకి తెలిసిపోయింది. కెల్లీ వాక్యాలకు మొదలూ చివరా ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. కాగితం మీద అవన్నీ ఒకే పొడుగాటి గొలుసులా కనిపించేవి.

వినబడని చోట వేగం తగ్గించి వినేదాన్ని. పాతకాలంలో ఇందుకోసం గ్రామఫోన్‌ని సగం వేగంతో తిప్పేవారు. అప్పుడు స్వరం సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగుతుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్ శ్రుతి మారకుండానే వేగాన్ని తగ్గిస్తుంది. ఇది గొప్ప సదుపాయమే కానీ నా అనుభవంలో ఒక చిక్కు ఉంది. నెమ్మదిగా విని నేర్చుకున్న ఊపు, అసలు వేగంలో పనికిరాదు. కాబట్టి నెమ్మదిగా వినడం నోట్లు పట్టుకునేంత వరకే అని పెట్టుకున్నాను. ప్రతిరోజూ చివర్లో అసలు వేగంతో పాడకుండా లేచేదాన్ని కాదు.

పాడినదాన్ని పియానో మీద వెతకబోతే ఇంకో చిక్కు ఎదురైంది. నా దగ్గరున్న రికార్డింగ్‌లో స్వరం ఏ మెట్టు మీదా సరిగ్గా కూర్చోదు, రెండు మెట్ల మధ్య ఎక్కడో ఉంటుంది. వారం రోజులు నా చెవినే అనుమానించాను. తర్వాత తెలిసింది, ఆ రోజు మాస్టర్ టేప్ యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగింది, ఆ టేప్‌ని మామూలు వేగంతో తిప్పినప్పుడు ఎల్‌పీ రికార్డు మొదటి వైపున్న పాటలన్నీ ఉండాల్సిన శ్రుతి కన్నా కాస్త హెచ్చుగా వినిపిస్తాయట. 1992లో వచ్చిన ముద్రణలో గానీ దాన్ని సరిచేయలేదు. నా దగ్గరున్నది పాత కాపీ. కీబోర్డులో ట్యూనింగ్ కాస్త పెంచగానే అన్నీ కుదిరాయి. చెవి తప్పు చెప్పలేదని తెలిసిన ఆ సాయంత్రం నాకు కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు.

ఆ ధైర్యంతోనే కాగితాన్ని మళ్ళీ తెరిచాను. ఈసారి పెన్సిల్ చేతిలో ఉంది. కుడి చేతిలో రెండు మూడు నోట్లు నాకు వేరుగా వినిపించాయి, మార్చాను. ఎడమ చేతి దగ్గర పెద్ద తేడా కనిపించింది. కాగితంలో ప్రతి కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) అడుగునా దాని మూలస్వరం రాసి ఉంది. రికార్డింగ్‌లో కింద వినబడే ఆ స్వరం పియానోది కాదు, పాల్ చేంబర్స్ వాయించే బేస్‌ది, అంటే మంద్రస్థాయి తీగ వాద్యానిది. బేస్ ఆ పని చూసుకుంటుంటే పియానిస్టు మళ్ళీ వాయించనక్కర్లేదు. టీచర్ నాకు రెండు వేళ్ళతో చూపించారు: బీ ఫ్లాట్ సెవెన్త్ అనే కార్డ్‌కి కింద ఏ ఫ్లాట్, పైన డి. ఈ ఫ్లాట్ సెవెన్త్ రాగానే రెండు వేళ్ళూ అర స్వరం కిందికి జరిపితే జీ, డి ఫ్లాట్. అంతే, కార్డ్ మారిపోయింది. నేను రెండు నెలలు చేయంతా చాచి, గెంతుతూ వాయించిన చోట ఇంత చిన్న కదలిక సరిపోయింది. ఆ పాటలో 11, 12 బార్లలో బీ ఫ్లాట్‌కి తిరిగి రావాల్సింది, రాకుండా ఏ ఫ్లాట్ సెవెన్త్‌కి దిగుతుంది. ఎడమ చేయి తేలికయ్యాకే ఆ మలుపు నాకు నిజంగా వినబడింది.

మొత్తం సోలో వచ్చేశాక దాన్ని అలాగే వాయిస్తూ కూర్చోకూడదని, నచ్చిన ఒక్క వాక్యం తీసుకుని 12 శ్రుతుల్లోకీ మార్చమన్నారు టీచర్. ఒక్క వాక్యానికి రెండు వారాలు పట్టింది. బ్లూస్ పియానోలో చిన్న గాంధారం నుంచి పెద్ద గాంధారానికి జారడం చాలా మామూలు. బీ ఫ్లాట్‌లో అది డి ఫ్లాట్ నుంచి డికి, నల్ల మెట్టు నుంచి తెల్ల మెట్టుకి. ఒకే వేలు దానంతటదే జారుతుంది. ఇదే సౌకర్యం ఎఫ్, సీ, జీ, ఈ ఫ్లాట్‌లలో కూడా ఉంది. మిగతా ఏడు శ్రుతుల్లో లేదు. డి శ్రుతిలో తెల్ల మెట్టు నుంచి నల్లదానికి ఎక్కాలి. ఏ ఫ్లాట్‌లో రెండూ తెల్లవే. అక్కడ రెండు వేళ్ళు వాడాలి, అయినా ఒక్క వేలు జారినట్టే వినిపించాలి. ఏ వాక్యం చేతి వాటం వల్ల పుట్టిందో, ఏది చెవి కోరుకుంటే పుట్టిందో ఇలా మార్చి చూస్తేనే తెలుస్తోంది.

మొదలుపెట్టి ఇప్పటికి పదకొండు నెలలు. రికార్డింగ్‌తో పాటు వాయిస్తే ఎక్కడో ఒకచోట కెల్లీ, నేను ఒక్కటిగా వినిపించే బార్లు దొరుకుతున్నాయి, రెండో చుట్టులో అయితే వరసగా ఆరు. ఆ కాగితం మీద ఇప్పుడు అచ్చు కన్నా పెన్సిల్ గీతలే ఎక్కువ. నాలుగో చుట్టులో రెండు బార్ల ఎడమ చేయి మాత్రం ఇంకా చెరిపేసిన ఖాళీగానే ఉంది. అక్కడ డ్రమ్స్ వెనక ఏదో కార్డ్ ఒకసారి తళుక్కుమని పోతుంది. ఈ వారం అదొక్కటే వింటున్నాను.