న్యూరెంబర్గ్: జనమే దృశ్యమైన మైదానం

జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో నాజీ పార్టీ ఏటా భారీ సభలు జరిపిన చోటు చూడాలంటే డోకు-జెంట్రుమ్ దగ్గర ట్రామ్ దిగి, డుట్జెండ్‌టైక్ చెరువు వెంట నడవాలి. జెప్పెలిన్ మైదానం వస్తుంది. చాలామంది నేరుగా మెట్లెక్కి, హిట్లర్ ప్రసంగించిన చోట ఫోటో దిగి వెళ్లిపోతుంటారు. నేను ముందు మైదానం అవతలి అంచుకు వెళ్లాను. వెళ్లేవాళ్లందరికీ అదే చెబుతాను. దాదాపు 360 మీటర్ల రాతి కట్టడం మొత్తం అక్కడి నుంచి కళ్లకు కడుతుంది. మధ్యలో ముందుకు పొడుచుకొచ్చిన వేదిక మీద ఉన్న మనిషిని మాత్రం ఆనవాలు పట్టలేం. వెనక వరుసల వాళ్లకు నాయకుడంటే లౌడ్‌స్పీకర్‌లో గొంతే. ఇక్కడ నిలబెట్టిన జనం ప్రేక్షకులు కారు, దృశ్యంలో భాగం. అసలు ప్రేక్షకులు సినిమా హాళ్లలోనూ, ఇళ్లలో రేడియోల ముందూ కూర్చున్నారు.

1934 సభను సినిమా తీసేందుకు, దగ్గర్లోని లూయిట్‌పోల్డ్ మైదానంలో జెండా స్తంభానికి లిఫ్ట్ బిగించి కెమెరాను పైకి పంపారు. ఇప్పుడది పార్కు. రాత్రి సభలకు కారణం ఆర్కిటెక్ట్ ఆల్బర్ట్ ష్పేర్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాశాడు: పార్టీ చిన్న నాయకులకు బొజ్జలు పెరిగాయి, వరస తప్పకుండా నడవలేరు, పగటి వెలుగులో చూపిస్తే పరువు పోతుంది. అందుకే వాళ్లను చీకట్లో నడిపించి, 130 సెర్చ్‌లైట్లను సుమారు 12 మీటర్ల ఎడంతో మైదానం చుట్టూ ఆకాశం వైపు పెట్టించాడు. చూసేవాళ్ల కళ్లు ఆకాశానికి అతుక్కుపోయాయి. ఆ ఫోటోలు చూసి నాజీల క్రమశిక్షణను మెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకు మనసు కలుక్కుమనేది అక్కడే.

మర్నాడు పక్క ఊరు ఫ్యూర్ట్‌లోని రేడియో మ్యూజియానికి వెళ్లండి. మెట్రోలో వెళ్లొచ్చు. 1933లో వచ్చిన ‘ప్రజా రేడియో’ మోడల్ పేరు వీఈ 301. హిట్లర్ గద్దెనెక్కిన జనవరి 30ని ఆ అంకెలో ఇరికించారు. ధర 76 మార్కులు. 1938లో 35 మార్కులకే ఇంకా చిన్నది తెచ్చారు. బేకలైట్ అనే ప్లాస్టిక్ పెట్టె, తక్కువ వాల్వులు, దూరదేశాల ప్రసారాలు వచ్చే షార్ట్‌వేవ్ లేదు. విదేశీ స్టేషన్లు అందకుండా చేశారని గైడ్లు చెబుతుంటారు, అది పూర్తి నిజం కాదు. మంచి ఏరియల్ కడితే రాత్రిపూట మీడియం వేవ్‌లో దూరపు స్టేషన్లూ పట్టేవి. సెట్టుతో కాని పని చట్టంతో చేయించారు. 1939 సెప్టెంబరు 1న విదేశీ ప్రసారాలు వినడాన్ని నేరం చేశారు. విదేశీ స్టేషన్లు వింటే కఠిన కారాగారమని హెచ్చరించే చిన్న కార్డును ట్యూనింగ్ బిరడాకు తగిలించారు. స్టేషన్ మార్చడానికి చెయ్యి పెట్టినప్పుడల్లా అది వేళ్లకు తగిలేది. విన్నది పక్కవాళ్లకు చెబితే మరణశిక్ష వేయడానికీ ఆ చట్టంలో వీలుంది.