వేయిస్తంభాల గుడిలో, సూర్యుడి గది ముందు

కార్తీక పున్నమికి హనుమకొండ వెళ్లి దీపం పెట్టాలని అమ్మ మూడేళ్లుగా అనుకుంటోంది. ఈసారి పది రోజుల ముందే పత్తి విడదీసి, సాయంత్రాలు అరుగు మీద కూర్చుని వత్తులు చేసింది. మొత్తం 365. ఏడాదిలో దీపం పెట్టలేకపోయిన రోజులన్నిటికీ కలిపి ఒకటే కట్ట. దాన్ని ఆవునేతిలో నానబెట్టి, మూతున్న స్టీలు డబ్బాలో పెట్టి, దారి పొడవునా ఒళ్లోనే పట్టుకుంది.

కరీంనగర్‌లో ఎక్కిన బస్సు హుజూరాబాద్ దాటేసరికి నిలబడడానికి కూడా చోటు లేదు. అందరూ ఆడవాళ్లే, అందరి సంచుల్లోనూ ఉసిరికాయలే. బస్సంతా నెయ్యి, పసుపు కలిసిన వాసన.

మేం గుడికి చేరేటప్పటికి చీకటి పడింది. చంద్రుడు ఇంకా చెట్ల వెనకే ఉన్నాడు. ఆవరణలో మాత్రం కాలు మోపాలంటే దీపాల మధ్య సందు వెతుక్కోవాల్సి వచ్చింది. ఒక మూల నేల తుడిచి, అమ్మ ముగ్గు వేసి మట్టి ప్రమిదలో కట్టను నిలబెట్టి వెలిగించింది. ఒక్కసారిగా లేచిన మంటకు పక్కనున్నవాళ్లు కొంగులు దగ్గరికి లాక్కున్నారు. ఆ వెలుతురులో అమ్మ ముఖం చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

తర్వాత లోపలికి వెళ్లాం. ఈ గుడిని కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించాడు. నక్షత్రం ఆకారంలో ఉన్న ఎత్తైన అరుగు మీద ఒకే మండపం, దాని చుట్టూ మూడు గర్భగుళ్లు. ఒకటి రుద్రేశ్వరుడికి, ఒకటి వాసుదేవుడికి, ఒకటి సూర్యుడికి. శాసనంలో ప్రతిష్ఠ తేదీ ఉంది: శాలివాహన శకం 1084 (అంటే క్రీ.శ. 1163), చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి. చిత్రభాను అన్న పేరు దగ్గర నేను ఎప్పుడూ ఆగుతాను. సంస్కృత నిఘంటువు అమరకోశం ఆ మాటకు సూర్యుడనీ అగ్ని అనీ రెండర్థాలు చెబుతుంది. సూర్యుడికి గుడి కట్టిన ఏడాదికి ఆ పేరే ఉండడం నాకు కాకతాళీయంగా అనిపించదు.

కానీ ఈరోజు పూజలందుకుంటున్నది రుద్రేశ్వరుడు ఒక్కడే. మిగిలిన రెండు గదుల్లో మూలమూర్తులు లేవు. ఒక పెద్దాయన చేత్తో చూపించి, "అది సూర్యుడి గుడి తల్లీ" అన్నాడు. ద్వారబంధం మీద శిల్పం ఎంత సన్నగా చెక్కారో చెప్పలేను. గడప దాటి చూపు పంపితే మాత్రం చీకటి. లోకానికంతా వెలుగిచ్చేవాడి గది ఇలా ఉండడం చూసి గుండె బరువెక్కింది. కనీసం ఒక దీపమైనా పెట్టకూడదా అనిపించింది.

అక్కడే నిలబడి ఉండగా కరెంటు పోయింది.

మండపం నిండా జనం. ఒక్క క్షణం అంతా మౌనం, ఆ వెంటనే గోల. పక్కనే ఉండాల్సిన అమ్మ చెయ్యి తగలలేదు. అప్పుడు ఎక్కడినుంచో, "బిడ్డా, ఇటు రా, ఇక్కడున్న" అని వినిపించింది. ఆ గొంతు పట్టుకుని, మనుషులను తప్పించుకుంటూ వెళ్లి ఆమె భుజం అందుకున్నాను. బృహదారణ్యక ఉపనిషత్తులో జనక మహారాజు యాజ్ఞవల్క్య మహర్షిని అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది. సూర్యుడు అస్తమించాడు, చంద్రుడూ అస్తమించాడు, నిప్పూ ఆరిపోయింది, ఇక మనిషికి వెలుగేది? వాక్కు అంటాడు యాజ్ఞవల్క్యుడు. తన చెయ్యి తనకే కనిపించని చోట కూడా మాట వినిపించిన వైపు మనిషి వెళ్లగలడు. మరి మాట కూడా ఆగిపోతే? ఆత్మే జ్యోతి. ఎన్నోసార్లు చదివిన ఘట్టమే. అందులో నాలుగో వెలుగును మాత్రం ఆ రాత్రే చూశాను.

అంతలో గర్భగుడిలో గంట మోగింది. అర్చకులు హారతి ఎత్తి మంత్రం అందుకున్నారు.

"న తత్ర సూర్యో భాతి న చంద్రతారకం
నేమా విద్యుతో భాంతి కుతోఽయమగ్నిః
తమేవ భాంతమనుభాతి సర్వం
తస్య భాసా సర్వమిదం విభాతి"

చిన్నప్పటినుంచీ హారతి వేళ వింటున్న మంత్రమే. కఠోపనిషత్తులో నచికేతుడికి యముడు చెప్పిన మాట. ముండకంలోనూ శ్వేతాశ్వతరంలోనూ ఇదే మళ్లీ వస్తుంది. అక్కడ సూర్యుడు ప్రకాశించడు. నా వెనక సూర్యుడి గది చీకటిగా ఉంది. చంద్రుడూ తారలూ ప్రకాశించవు. వాళ్లు పైకప్పు అవతల ఉండిపోయారు. ఈ విద్యుత్తులూ ప్రకాశించవు. మంత్రంలో అది మెరుపు. మన ఇళ్లలోకి తీగల మీద వచ్చేదానికీ మనం ఆ పేరే పెట్టుకున్నాం, అది ఇప్పుడే పోయింది. ఇక "అయమ్ అగ్నిః", ఈ అగ్ని ఎంత? "ఈ" అన్న మాట ఇన్నేళ్లూ నా చెవికి ఆనలేదు. అర్చకుల చేతిలో వెలుగుతున్న కర్పూరమే ఆ "ఈ". దేవుణ్ణి చూడడానికి దీపం ఎత్తి, ఆ దీపంతోనే, నేను నిన్ను చూపించలేను, నువ్వు వెలిగితేనే నేను వెలుగుతున్నాను అనిపించడం. ఇంతకన్నా వినయమైన పూజ నాకు తెలియదు.

"అనుభాతి" అంటే వెంబడి వెలగడం. శంకరులు భాష్యంలో నీటిని, కొరివిని పోలికగా తెస్తారు. కాగిన నీళ్లు చెయ్యి కాలుస్తాయి, కానీ ఆ కాల్చే గుణం నీళ్లది కాదు, నిప్పుది. వంటింట్లో రోజూ చూసేదే కదా ఇది.

హారతి పళ్లెం కదిలినప్పుడు నా పక్కనున్న స్తంభంలో కూడా ఒక మంట కదిలింది. అద్దంలా నునుపు తేల్చిన నల్లరాయి అది. వెలుగన్నదే లేని రంగు. ఎనిమిదిన్నర శతాబ్దాల కిందట ఎవరి చేతులు ఆ రాతిని అలా అరగదీశాయో గాని, హారతి ఎటు తిరిగితే రాతిలోని మంట అటు తిరిగింది. ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి, అక్కడినుంచి మరొకదానికి. చూస్తూ ఉండిపోయాను. హారతి కళ్లకద్దుకోవడం కూడా మరిచిపోతే అమ్మే తన అరచేతులు నా కళ్లకు ఆనించింది.

కరెంటు వచ్చింది. మళ్లీ స్తంభంలోకి చూస్తే ట్యూబులైట్ల తెల్లటి గీతలు ఉన్నాయి. అమ్మను పిలుద్దామని తిరిగాను. ఆమె అప్పటికే సూర్యుడి గది ముందు వంగి, గడపను వేళ్లతో తాకి కళ్లకద్దుకుంటోంది.