చెరువు మాదారంలో ఒక పొద్దు

నకిరేకల్‌లో బస్సు దిగగానే నిమ్మకాయల వాసన. మార్కెట్‌కు వచ్చిన బస్తాలు దింపుతున్నారు. అక్కడి నుంచి ఆటోలో చెరువు మాదారం బయల్దేరాను. నవలా రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి పుట్టిన ఊరది. ఈమధ్య రాయడానికి కూర్చుంటే చాలు, టెన్షన్ మొదలవుతోంది. డ్యూటీ, ఇంటి పనులు, పిల్లల ఫీజులు, ఇవన్నీ పోగా దొరికే ఆ కాస్త టైంలో ఏం రాస్తాంలే అని దిగులు. ఆయన ఎలా నెగ్గుకొచ్చారో ఆ మట్టి మీద నిలబడి ఆలోచించాలనిపించింది.

1915లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వండిపెడుతూ చదువుకున్నారు. హోటల్లో సర్వర్‌గా చేశారు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ఎందరివో రచనలు అచ్చువేయించారు, ఆ పుస్తకాలు తానే మోసుకెళ్లి అమ్మారు. ఆపైన నిజాం జైళ్లు. నిజామాబాద్ జైల్లో దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాస్తున్నప్పుడు తోడున్నది ఈయనే. తన కవితా సంపుటి ‘అగ్నిధార’ను దాశరథి అంకితమిచ్చిందీ ఈయనకే.

కిరాణా కొట్టు అరుగు మీద ఒక పెద్దాయన పలకరించాడు. “ఎవరింటికొచ్చినవ్ బిడ్డా?”

చెప్పాను. సంచిలోంచి ఆళ్వారుస్వామి నవల ‘గంగు’ తీసి ఇస్తే, కండువాకు చేతులు తుడుచుకుని మరీ అందుకున్నాడు. అట్ట తిప్పాడు, మధ్యలో ఒక పేజీ మీద వేలు పెట్టి కాసేపు చూశాడు. నేను చెప్పిందంతా విని, “గిన్ని పనులు జేస్కుంట ఎప్పుడు రాసిండు మరి?” అన్నాడు.

సరిగ్గా నన్ను తొలిచేది ఆ ప్రశ్నే. రచయితల బాధంటే తాగుడూ విరక్తీ అనుకుంటారు చాలామంది. నాకైతే ఆళ్వారుస్వామి బాధ వేరనిపిస్తుంది. లోపల నవల కదులుతుంటే బయట పదిమంది పని పిలుస్తుంటుంది, ఆయన ఆ పిలుపునే ముందు విన్నారు. ‘ప్రజల మనిషి’ ఎలాగో పూర్తయింది. ‘గంగు’ ముగియకుండానే 1961లో, 45 ఏళ్లకే కన్నుమూశారు. ఇందరి పుస్తకాలు మోసిన మనిషికి ఒక్క ఏడాది తీరిక ఇవ్వలేకపోయింది కదా ఈ సమాజం అని ఇప్పటికీ కోపమొస్తుంది.

“సగంలనే ఆగిందా?” అన్నాడు పెద్దాయన.

“అవును పెద్దయ్యా.”

“ఉన్నకాడికి సదువు, ఇంట.”

చదివాను. నకిరేకల్ ఆటోలు రెండు వచ్చి వెళ్లిపోయాయి.