సౌండ్ ఎక్కడ పగులుతోందో లాప్‌టాప్‌తో పట్టుకున్నాను

మా ఇంట్లో ఉన్న ఆంప్లిఫయర్ కంపెనీది కాదు. గుంటూరు అరండల్‌పేటలో ఒక మెకానిక్ చేత కట్టించుకున్నది. ఆయన్ని మేమంతా బాబాయ్ అంటాం. చానల్‌కి ఒక సీ5200, ఒక ఏ1943 ట్రాన్సిస్టర్, బరువైన ట్రాన్స్‌ఫార్మర్, వేడిని లాగేసే అరచేతి మందాన హీట్‌సింక్. గట్టిగా పెడితే కిటికీలు అదురుతాయి గానీ సౌండ్ పగలదు. చిక్కంతా రాత్రిపూట వస్తుంది. పక్క వాటా వాళ్లకి ఇబ్బంది లేకుండా బాగా తగ్గించి ఘంటసాల పాట పెడితే, గొంతు చివర్లలో సన్నటి గరగర.

"స్పీకర్లు పోయుంటయ్ రా అబ్బాయ్, మార్చుకో" అన్నాడు బాబాయ్. ఫ్రెండ్ ఇంటి నుంచి స్పీకర్లు తెచ్చి పెట్టినా అదే గరగర. "నీ చెవులే తేడా" అన్నాడు ఈసారి. చెవులతో వాదనకి దిగితే తేలేది కాదని కొలవడానికి సిద్ధపడ్డాను.

ఇలాంటి వాటికి సిగ్నల్ తరంగాన్ని తెరమీద చూపే ఆసిలోస్కోప్ ఉండాలంటారు. ఉన్నా, అర శాతం పావు శాతం డిస్టార్షన్, అంటే సిగ్నల్ రూపు చెడటం, సైన్ వేవ్ మీద కంటికి ఆనడం కష్టం. అంతకంటే లాప్‌టాపే నయం. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందరూ ఆర్‌ఈడబ్ల్యూ అంటారు. జాన్ మల్కహీ అనే ఆయన తయారు చేశాడు. గదిలో సౌండ్ ఎలా ఉందో చూసుకోవడానికి పుట్టినదే అయినా, అందులో సిగ్నల్ జనరేటరూ ఆర్‌టీఏ అనే ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో గీతలుగా చూపే స్పెక్ట్రమ్ విండో కూడా ఉన్నాయి. ఒక స్వచ్ఛమైన 1 కిలోహెర్ట్జ్ స్వరం ఆంప్లిఫయర్‌లోకి పంపిస్తాం. బయటికి 1 కిలోహెర్ట్జ్ ఒక్కటే రావాలి. 2, 3, 4, 5 కిలోహెర్ట్జ్‌ల దగ్గర కూడా గీతలు లేచాయంటే అవి ఆంప్లిఫయర్ సొంతంగా కలిపినవి, వాటినే హార్మోనిక్స్ అంటారు. వాటన్నిటి మొత్తం అసలు స్వరంలో ఎంత శాతమో అదే టీహెచ్‌డీ, టోటల్ హార్మోనిక్ డిస్టార్షన్. అసలు స్వరం కంటే 40 డెసిబెల్స్ కింద ఉంటే 1 శాతం, 60 కింద ఉంటే 0.1, 80 కింద ఉంటే 0.01.

లాప్‌టాప్‌కి ఉన్న ఒక్క జాక్ ఈ పనికి చాలదు. అందులో లోపలికి వెళ్లే దారి మైక్ కోసం పెట్టింది, పైగా దాని మీద మైక్‌కి ఇచ్చే వోల్టేజి ఉంటుంది. లైన్ ఇన్, లైన్ అవుట్ రెండూ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి కొన్నాను. విండోస్ సెట్టింగ్స్‌లో సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ తీసేసి, రెండు వైపులా 48,000 శాంపిల్ రేట్ పెట్టాను. ముందుగా ఆంప్లిఫయర్ జోలికి పోకుండా ఇంటర్‌ఫేస్ అవుట్‌ని దాని ఇన్‌కే కలిపి కొలిచాను. 0.004 శాతం వచ్చింది. అంటే నా కొలబద్ద తనంతట తాను కలిపే తప్పు అంత. ఈ అంకె తెలియకుండా ఆంప్లిఫయర్ మీద ఏ అంకె వచ్చినా నమ్మలేం. లెవెల్ పూర్తిగా పెంచితే ఇంటర్‌ఫేసే క్లిప్ అవుతోంది, అంటే తరంగం కొసలు తెగిపోతున్నాయి కాబట్టి గరిష్ఠానికి ఓ 6 డెసిబెల్స్ తక్కువలోనే ఆగాను.

తర్వాత లోడ్. స్పీకర్ పెట్టి కొలిస్తే ఇల్లంతా కూత. అందుకని దాని బదులు రెసిస్టర్ కావాలి. షాపులో 8 ఓమ్‌ల 50 వాట్ల రెసిస్టర్ అడిగితే కుర్రాడు స్పీకర్ తెచ్చి ముందు పెట్టాడు! చివరికి 3.9 ఓమ్‌లవి, అల్యూమినియం బాడీవి రెండు దొరికాయి. సిరీస్‌లో కడితే 7.8, సరిపోతుంది.

ఆంప్లిఫయర్ అవుట్‌పుట్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్‌కి ఇస్తే ఇంటర్‌ఫేస్ కాలిపోతుంది. 10 కిలో ఓమ్‌లది ఒకటి, 470 ఓమ్‌లది ఒకటి పెట్టి వోల్టేజి డివైడర్ కట్టాను. 20 వోల్టులు వస్తే ఇంటర్‌ఫేస్‌కి చేరేది 0.9 వోల్టే. ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగానే చెప్పాలి. బ్రిడ్జ్ పద్ధతిలో కట్టిన ఆంప్లిఫయర్లలో స్పీకర్ మైనస్ కూడా లైవే. దాన్ని ఇంటర్‌ఫేస్ గ్రౌండ్‌కి కలిపారంటే ఐసీ పోతుంది. కార్ ఆంప్లిఫయర్లు చాలావరకు ఇలాంటివే. కరెంటు తీసేసి, స్పీకర్ మైనస్‌కీ ఇన్‌పుట్ గ్రౌండ్‌కీ మధ్య మల్టీమీటర్ కూస్తుందో లేదో చూశాకే వైరు తగిలించాలి. కూస్తే ఆ మైనస్, గ్రౌండ్ ఒకటే, భయం లేదు. మాది కూసింది.

ఆన్ చేయగానే తెరమీద మొదట కనపడింది హార్మోనిక్స్ కాదు, హమ్, అంటే కరెంటు నుంచి వచ్చే గుయ్‌మనే మోత. 50 హెర్ట్జ్ దగ్గర ఒక గీత, 100 దగ్గర ఒకటి, 150 దగ్గర ఇంకోటి. చార్జర్ పీకేసి లాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడిపిస్తే 50, 150 దాదాపు పోయాయి. 100 మాత్రం మిగిలింది, అది ఆంప్లిఫయర్ సొంత పవర్ సప్లై నుంచి వచ్చే రిపుల్, అంటే డీసీలో మిగిలిపోయిన అల. దీనివల్లే టీహెచ్‌డీ ఒకటి, టీహెచ్‌డీ ప్లస్ నాయిస్ ఒకటి అని రెండు అంకెలు చూపిస్తుంది సాఫ్ట్‌వేర్. హమ్ రెండోదాన్లోకి వెళ్తుంది, మొదటిదాన్లోకి రాదు.

అవుట్‌పుట్ ఎన్ని వోల్టులో తెలియడానికి మల్టీమీటర్ వాడాను గానీ, చవక మీటర్లు 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఏసీని సరిగ్గా చూపవు. 60 హెర్ట్జ్ స్వరం పెట్టి వోల్టులు సరిచేసుకుని, నాబ్ కదపకుండా 1 కిలోహెర్ట్జ్‌కి మారాను.

10 వోల్టులు, అంటే సుమారు 13 వాట్ల దగ్గర టీహెచ్‌డీ 0.09 శాతం. లోకల్‌గా కట్టిన దానికి చాలా బాగున్నట్టే. మన ఊళ్లలో ఇంటింటా వాడిన 4440 అనే ఆంప్లిఫయర్ ఐసీకి చెప్పే 6 వాట్లు అసలు 10 శాతం డిస్టార్షన్ దగ్గర లెక్క మరి. ఇక్కడ ఆగితే బాబాయే గెలిచేవాడు. రాత్రి వినే లెవెల్‌కి, 0.63 వోల్టులకి దించాను. వాట్లలో 0.05. టీహెచ్‌డీ 1.4 శాతానికి ఎగిరింది.

అంకె కంటే బొమ్మ ఎక్కువ చెప్పింది. 2, 4, 6 దాదాపు లేవు. 3, 5, 7, 9, 11 కిలోహెర్ట్జ్‌ల దగ్గర గీతలు వరసగా నిలబడ్డాయి, మెల్లగా తగ్గుతూ. పై ట్రాన్సిస్టర్ నుంచి కింది ట్రాన్సిస్టర్‌కి పని చేతులు మారేచోట, సున్నా వోల్టుల దగ్గర, రెండూ పనిచేయని ఖాళీ ఉంటే ఇలాగే వస్తుంది. దాన్నే క్రాసోవర్ డిస్టార్షన్ అంటారు. లెక్క కూడా కుదిరింది. 10 వోల్టుల్లో 0.09 శాతం అంటే 9 మిల్లీవోల్టులు, 0.63 వోల్టుల్లో 1.4 శాతం అన్నా 9 మిల్లీవోల్టులే. తప్పు ఎప్పుడూ అంతే ఉంది. పాట పెద్దదైతే కనపడదు, చిన్నదైతే అదే పైకి వినిపిస్తుంది.

మూత తీసి ఎమిటర్ రెసిస్టర్ మీద మీటర్ పెడితే దాదాపు సున్నా. ఆ ఖాళీ రాకుండా సిగ్నల్ లేనప్పుడు కూడా రెండు ట్రాన్సిస్టర్లలో కాస్త కరెంటు పారించాలి, దాన్నే బయాస్ అంటారు. దాన్ని సరిచేసే ప్రీసెట్ పూర్తిగా తగ్గించి ఉంది. లాప్‌టాప్ పట్టుకుని బాబాయ్ దగ్గరికి వెళ్తే ఆయన నవ్వాడు. "తెలిసే తగ్గించా. మే నెలలో మన గుంటూరు ఎండకి బయాస్ పెంచితే హీట్‌సింక్ పట్టుకోలేం, ట్రాన్సిస్టర్లు పోతే మళ్లీ నా దగ్గరికే వస్తారు." ఆ భయం వట్టిది కాదు. లెక్క వేసి చూపించాను. ఎమిటర్ రెసిస్టర్ 0.22 ఓమ్‌లది, దాని మీద 11 మిల్లీవోల్టులు పెడితే 50 మిల్లీయాంప్స్. రెండు సప్లైలూ కలిపి 70 వోల్టులు కాబట్టి చానల్‌కి 3.5 వాట్లు, రెండింటికీ 7. చిన్న ఎల్‌ఈడీ బల్బు తినేంత.

"సరే తిప్పు, నేను చూస్తా" అన్నాడు. సిగ్నల్ తీసేసి, ప్రీసెట్‌ని వెంట్రుకవాసి తిప్పుతూ, వేడి నిలకడ అయ్యేదాకా ఆగుతూ 11 మిల్లీవోల్టులకి తెచ్చాం. 0.05 వాట్ల దగ్గర 1.4 కాస్తా 0.08 అయింది. 7 నుంచి పై గీతలు నాయిస్‌లో కలిసిపోయాయి. బాబాయ్ మాత్రం అరగంటసేపు హీట్‌సింక్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "వెచ్చగానే ఉంది గానీ, వేసవి పోయేదాకా 7 మిల్లీవోల్టుల దగ్గర ఉంచుదాం" అన్నాడు. అక్కడా కొలిచాను, 0.12 శాతం. చెవికి తేడా తెలియలేదు, ఒప్పుకున్నాను. రెండో చానల్‌ని కూడా అక్కడే కట్టి మూత బిగించాం. ఇప్పుడాయన తన షాపులో రిపేర్‌కి వచ్చిన ఇంకో సెట్టు చూపించి, దాన్ని కూడా తెరమీద పెట్టమంటున్నాడు. దాన్లో ఈసారి 2వ హార్మోనిక్ లేచి కూర్చుంది.